అయిదు గదులకీ ఒక మీటరు

నముయాంజ అన్న పేరు ఆమెకి ఉందని మా వాడలో సగం మందికి తెలియదు. కవలల్ని కన్న తల్లిని మా వైపు పేరు పెట్టి పిలవరు, నాలోంగో అంటారు. ఆ పిలుపు ఒకసారి అంటుకుందంటే చచ్చేదాకా వదలదు. ఆమె కవలలు వస్వా, కాటో ఇద్దరూ మసాకా దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. వాళ్ళ నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల ఫీజులు, గది అద్దె, ఒంటి మీద బట్ట, అన్నీ ముకోనో టాక్సీ స్టేజీ వెనక ఆమె పెట్టిన రెండు బెంచీల భోజనం దుకాణంలోంచే రావాలి.

ఆ భోజనం గురించి చెప్పకుండా ముందుకి పోతే నాకు పాపం చుట్టుకుంటుంది. పచ్చి అరటికాయలు ఒలిచి, అరటాకుల్లో మూటగట్టి, ఆవిరి మీద ఉడికించి, మూట విప్పకుండానే పిసికి ముద్ద చేసి, మళ్ళీ సన్నసెగ మీద మధ్యాహ్నం దాకా మగ్గనిస్తుంది. దాన్నే మటోకె అంటాం. అలా మగ్గనిది మా లెక్కలో తిండి కాదు, ఏదో ఆకలికి కడుపులో పడేసుకునేది. పక్కన చిక్కటి వేరుశెనగ పులుసు. ఆ వాసనకి టాక్సీ డ్రైవర్లు బళ్ళు ఆపేసి వచ్చి కూర్చుంటారు. ఎక్కిన ప్రయాణికులు లోపల తిట్టుకుంటూ ఉంటారు, వీళ్ళు నింపాదిగా వేళ్ళు నాకుతూ ఉంటారు.

తిని చెయ్యి కడుక్కుని వెళ్ళేటప్పుడు మాత్రం ఎవడూ ఊరికే పోడు. "వండి పెట్టావు, చల్లగా ఉండు నాలోంగో" అని చెప్పే పోతాడు. మా దేశంలో దేనికైనా కరువు రావచ్చు గానీ కృతజ్ఞతకి రాదు. వండినందుకు, నీళ్ళు మోసినందుకు, బట్టలు ఉతికినందుకు, బస్సెక్కి వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చినందుకు, ఆఖరికి జ్వరం తగిలి తగ్గించుకున్నందుకు కూడా ఎదుటివాళ్ళకి చల్లగా ఉండమని చెప్పుకుంటాం. దారిన పోయేవాడు సైతం చేలో వంగి తవ్వుకుంటున్నవాణ్ణి చూస్తే ఆగి ఆ మాట అననిదే కదలడు. నాలోంగో ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది. పులుసు అడుగంటకపోతే గిన్నెకి కూడా చెప్పే రకం.

ఆమె ఉండేది కొండవాలు మీద వరసగా కట్టిన అయిదు గదుల్లో నాలుగోది. మొదటి గది కవూయాది. ఒకప్పుడు బస్సు కండక్టరు. బస్సు పోయింది గానీ టికెట్ అడిగే గొంతు మాత్రం పోలేదు. రెండో గదిలో జడలు అల్లే పిల్ల, మూడో దాంట్లో మోటారు సైకిల్ మీద మనుషుల్ని చేరవేసే కుర్రవాడూ అతని పెళ్ళామూ, చివరి గదిలో జజ్జా యుదాయా. జజ్జా అంటే అవ్వ. ఆవిడ ఎవరికీ సొంత అవ్వ కాదు, అందుకే అందరికీ అవ్వే.

అయిదు గదులకీ కలిపి మీటరు ఒక్కటే. ఇంటి ఓనరు హాజీ కంపాలాలో ఉంటాడు, అద్దె అందితే చాలు ఇంకేదీ పట్టించుకోడు. మా దగ్గర కరెంటు వాడాక బిల్లు కట్టడం కాదు, ముందే కొనుక్కోవాలి. డబ్బు కడితే పొడవాటి నంబరు ఒకటి వస్తుంది, దాన్ని మీటరు మీద నొక్కితే యూనిట్లు ఎక్కుతాయి. గదికింత అని వసూలు చేయడం, కొనుక్కురావడం, నంబరు నొక్కడం, మూడూ కవూయా పనులే. ఇంకెవరైనా ఆ మీటరు మీద వేలు పెడితే అతనికి తన మీసం మీద పెట్టినట్టే.

ఇక ధర సంగతి. ప్రతి నెలా మొదటి పదిహేను యూనిట్లు బాగా చవక. వాటిని పేదల యూనిట్లంటారు. పదహారోది మొదలు ఎనభై దాకా ఇంచుమించు మూడింతల ధర. ఎనభై దాటాక మళ్ళీ దగ్గర దగ్గర సగానికి దిగుతుంది. బొగ్గు, కట్టెలు మానేసి కరెంటు మీద వండుకునేవాళ్ళ కోసం పెట్టిన తగ్గింపు అది. నూట యాభై దాటితే మళ్ళీ ఖరీదే. నెల మారితే అంతా మొదటికొస్తుంది. ఇంత చాంతాడు లెక్కలో మావాళ్ళకి వంటబట్టింది మొదటి పదిహేను ఒక్కటే. ఒకటో తారీఖు పొద్దున నంబర్లమ్మే దుకాణం ముందు వరస చూస్తే ఊరంతా పెళ్ళి భోజనానికి వచ్చిందేమో అనిపిస్తుంది. ఆ పదిహేనూ అయిపోయాక మాత్రం ఒక్కొక్క బల్బూ ఆర్పుకుంటూ బిక్కుబిక్కుమంటూ బతుకుతారు. ఎనభై అవతల ఏముందో తొంగి చూసినవాడు మా వాడలో లేడు. అక్కడిదాకా పోతే మునిగిపోతామని అందరి భయం.

నాలోంగోకి కూడా ఆ గొడవ అక్కర్లేకపోయేది, ఊపిరి సరిగ్గా ఆడి ఉంటే.

ఆమె వంటంతా గది వెనక రేకుల చాటున బొగ్గుల కుంపటి మీదే. తెల్లవారకముందే రాజేస్తే మధ్యాహ్నం దాకా ఆరదు. కవలలు పుట్టకముందు నుంచీ ఆ పొగలోనే ఆమె పొద్దు గడిచింది. మొదట దగ్గు వచ్చినప్పుడు వేసవి దుమ్మనుకుంది. వానలు పడ్డాక జలుబు అనుకుంది. దుకాణం నుంచి కొండ ఎక్కి వచ్చేటప్పుడు దారిలో నాలుగు చోట్ల నిలబడాల్సి వచ్చాక ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. మందు చేతిలో పెట్టి, బొగ్గు పొగ మానకపోతే ఈ మందుకీ మంచినీళ్ళకీ తేడా లేదని చెప్పింది. మెత్తగానే చెప్పింది గానీ దాచకుండా చెప్పింది. ఇలాగే ఊదుకుంటూ కూర్చుంటే పిల్లల చదువు అయ్యేదాకా నువ్వుండవు అని కూడా అంది.

వంట మానితే పిల్లల బడి ఆగుతుంది. మానకపోతే తన ఊపిరి ఆగుతుంది. నాలోంగో ఆ నర్సుకి చల్లగా ఉండమ్మా అని చెప్పి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది.

మా ఆడవాళ్ళలో నిగీనా అని ఒక ఏర్పాటుంది. కొంతమంది కలిసి ఒక జట్టు కడతారు. వంతు ఎవరిదైతే వాళ్ళింటికి మిగతావాళ్ళంతా నెత్తిన కానుకలు పెట్టుకుని పాడుతూ వస్తారు. ఎప్పుడూ తెచ్చేవి పళ్ళాలు, ఫ్లాస్కులు, దుప్పట్లు. నాలోంగో వంతు వచ్చిన రోజు వాళ్ళు అలాగే పాడుతూ వచ్చారు, కానీ అందరి నెత్తుల మీదా బుట్టలు ఖాళీ. ఆమె మొహం చిన్నబోయింది, అయినా నవ్వుతూనే ఎదురెళ్ళింది. వెనకనుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి ఆమె ముందు దించారు. కరెంటు కుక్కరు, హోటళ్ళవాళ్ళు వాడే పెద్ద రకం. నర్సు మాట ఎలా తెలిసిందో, ఎన్నాళ్ళు కూడబెట్టారో ఎవరూ చెప్పలేదు. అందరికీ వేళకి తగిన మాట చెప్పే నాలోంగో ఆ రోజు చల్లగా ఉండమనడం కూడా మర్చిపోయింది. ఆ పెట్టెని పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఆమె కళ్ళు నిండుతాయి.

కుక్కరు అడుగున అరటాకులు పరిచి, మూట పెట్టి, మూత బిగించి చూసింది. సన్నసెగ మీద మగ్గినట్టే మగ్గింది. దుకాణంలో మాత్రం ఈ సంగతి బయటపెట్టలేదు, ఎందుకంటే మావాళ్ళ నాలుకలకి పొగ కనపడాలి. ఒక డ్రైవరు తింటూ తింటూ, మొన్న మరదలి ఇంట్లో కరెంటు మీద వండింది తిన్నానని, ఇనుము నాకినట్టుందని, వంటంటే నాలోంగోదే అని పక్కవాడికి చెప్పి మరో ముద్ద వేయించుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గిన్నె తోముకోడానికి వెనక్కి వెళ్ళిపోయింది.

రెండు నెలలు తిరిగేసరికి దగ్గు సగం తగ్గింది. కొండ ఎక్కేటప్పుడు నిలబడటం మానేసింది. పొద్దున్నే లేచి కుక్కరుకి, నిగీనా ఆడవాళ్ళకి, నర్సుకి, దేవుడికి వరసగా దండాలు పెట్టుకుని గానీ కాయలు ఒలిచేది కాదు.

దండాలు పెట్టని మనిషి ఒక్క కవూయానే. యూనిట్లు నీళ్ళలా పోతుండటం అతను మొదటి నెలలోనే పసిగట్టాడు. నాలోంగో అతను అడక్కముందే సగానికి పైగా డబ్బు తనే ఇస్తానంది, ఇచ్చింది. దాంతో మిగతా గదులవాళ్ళు ఇచ్చేది ఎంతో కొంత తగ్గింది కూడా. అది అతను గమనించలేదు. అతని బాధ వేరు. పేదల యూనిట్లు పదిహేనూ ఇదివరకు వారం రోజులు వచ్చేవి, ఇప్పుడు నాలుగు రోజులకే మాయమవుతున్నాయి. అందరికీ చెందాల్సిన చవక యూనిట్లని ఆ కుక్కరు ఒక్కటే మింగేస్తోందని అతని కడుపుమంట. ఒకరోజు అందరి ముందూ అనేశాడు.

"నాలోంగో, నువ్వు డబ్బిస్తున్నావు, కాదన్ను. కానీ చవక యూనిట్లు నీ కుండలో ఉడికిపోతే మేం ఖరీదువి కొనుక్కోవాలా? అందరికీ పెట్టిన పళ్ళెంలో ఒక్కళ్ళే చెయ్యి పెడితే ఎట్లా?"

తిరిగి అనడం ఆమెకి రాదు, అందులోనూ తప్పు తనదే అనుకున్నప్పుడు అసలు రాదు. ఆ మర్నాటి నుంచి కవూయా ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. వండావు చల్లగా ఉండు అన్న మాట అతని నోట ఆగిపోయింది. బయటివాళ్ళకి ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. మా దగ్గర అది చెంపదెబ్బ కంటే ఎక్కువ.

సొంత మీటరు ఆలోచన జడలు అల్లే పిల్లది. నాలోంగో విడిగా మీటరు పెట్టించుకుంటే ఆమె పదిహేను ఆమెకి, మన పదిహేను మనకి, రెండు పదిహేనులు వస్తాయి గదా అంది. కవూయా మొహం వెలిగింది. మోటారు సైకిల్ కుర్రవాడు భలే అన్నాడు. నాలోంగో కూడా సంతోషించింది, ఇకమీదట తనవల్ల ఎవరికీ బాధ ఉండదని. అది తప్పని ఆ వరసలో ఒక్కరికీ తోచలేదు. మొదటి పదిహేనూ తప్ప ఇంకేమీ కనపడని మా చూపుకి అది తోచే దారే లేదు.

హాజీ ఫోన్లోనే సరేనన్నాడు. దరఖాస్తు పెట్టి, కట్టాల్సింది కట్టి, కొన్ని వారాలు ఎదురుచూశాక మనుషులు వచ్చి కొత్త మీటరు బిగించి వెళ్ళారు. ఆమె గదికి అందులోంచి తీగ వచ్చింది. నాలోంగో తడిబట్టతో దాని మీద దుమ్ము తుడిచింది. జీవితంలో తన పేరు మీద వచ్చిన మొదటి వస్తువు అది. ఆ రోజు అయిదు గదులకీ కోడికూర వండి పంపింది. కవూయా గిన్నె తీసుకున్నాడు, తిన్నాడు, గిన్నె జడలు అల్లే పిల్ల చేత తిప్పి పంపాడు, మాట మాత్రం పంపలేదు.

తరవాత నెలలో అసలు రంగు బయటపడింది. చవక పదిహేనూ కుక్కరు కిందే ఆరు రోజుల్లో అయిపోయాయి. అక్కడినుంచి కొన్న ప్రతి యూనిట్టూ ఖరీదే. ఇదివరకు తను ఇచ్చిన దానికంటే బాగా ఎక్కువ అయింది. రెండు బెంచీల దుకాణంలో మిగిలేదే అంతంత మాత్రం. నాలోంగో భయపడింది. భయంతో అందరూ చేసే పనే చేసింది. పదిహేను అయిపోగానే కుక్కరు మూసి పక్కన పెట్టి, రేకుల చాటున కుంపటి మళ్ళీ రాజేసింది. ఒకటో తారీఖు వస్తే కుక్కరు, చవకవి అయిపోతే కుంపటి. నెల మొదట్లో ఆరు రోజులు ఊపిరి తీసుకుని, మిగతా నెలంతా పొగ మింగేది. దగ్గు తిరిగొచ్చింది. ఈసారి వచ్చేటప్పుడు మునుపటి కంటే లోపలినుంచి వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. నిగీనా ఆడవాళ్ళు కుక్కరు ఎలా ఉందని అడిగితే బంగారంలా ఉందనేది. అబద్ధం కాదు, అది నిజంగా తళతళలాడుతూ మూల కూర్చుని ఉంది. కానీ అలా చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేది. నోరు తెరిచి అడక్కుండానే అంత పెట్టిన మనుషుల్ని మోసం చేస్తున్నట్టుండేది. నర్సు దగ్గరికి వెళ్ళడం కూడా మానేసింది.

ఒక సాయంత్రం బొగ్గు బస్తా కొనుక్కుని నెత్తిన పెట్టుకుని వస్తుంటే నబ్బోస దుకాణం ముందు గొడవ వినపడింది. నబ్బోస ఫోన్ల మీద డబ్బు పంపే పిల్ల, కరెంటు నంబర్లు కూడా ఆమే అమ్ముతుంది. గొంతు కవూయాది. కండక్టరు గొంతు కాబట్టి స్టేజీ దాకా వినపడుతోంది. నాలోంగోకి తప్పుకుని పోదామని ఉంది గానీ దారి అదొక్కటే.

అతని గొడవేమిటంటే, కుక్కరు పీడ వదిలింది కదా, గదికి ఇచ్చే డబ్బు తగ్గాలి కదా. తగ్గకపోగా రెండు నెలల నుంచీ గదికి వెయ్యి పైన పెరిగింది. బల్బులు పెరగలేదు, మనుషులు పెరగలేదు. కాబట్టి మధ్యలో నబ్బోసే నొక్కేస్తోందని అతని తీర్పు. నబ్బోస చేతులు కట్టుకుని అంతా వినింది. తరవాత తాపీగా, మీ వరసలోంచి వండుకునేవాళ్ళెవరైనా వెళ్ళిపోయారా అని అడిగింది. కవూయా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ బొగ్గు బస్తాతో నాలోంగో నిలబడి ఉంది.

"మరేం? అదీ సంగతి," అంది నబ్బోస. "ఇదివరకు మీ మీటరు నెలనెలా ఎనభై దాటేది అన్నా. దాటాక వచ్చేవన్నీ చవకవి. మిమ్మల్ని అందర్నీ ఆ ఎనభై దాటించింది ఈవిడ కుండే. ఇప్పుడు మీరూ ఇవతలే ఆగిపోయారు, ఈవిడా ఇవతలే ఆగిపోయింది. ఇవతల మొదటి పదిహేనూ అయిపోతే ఇంక దొరికేవన్నీ ఖరీదైనవే."

కవూయా నమ్మలేదు. మరి రెండు పదిహేనులు వచ్చాయి కదా అన్నాడు. వచ్చాయి, వాటితో మిగిలింది గోరంత, విడిపోయి పోగొట్టుకున్నది కొండంత అని నబ్బోస పాత కొనుగోళ్ళు ఫోన్లో తీసి చూపించింది. ఇది ముందే ఎందుకు చెప్పలేదే అని అరిచాడు. నువ్వు డబ్బు పడేసి, నంబరు లాక్కుని, చిల్లర కోసం పోట్లాడి పోతావు, ఎప్పుడన్నా కూర్చుని అడిగావా అంది.

ఇద్దరూ కొండ ఎక్కుతున్నారు. ఒకే దారి, ఒకే వరస గదులు, వేరుగా పోవడానికి లేదు. కవూయా ముందు, నాలోంగో నాలుగడుగులు వెనక. సగం దూరం వెళ్ళేసరికి ఆమెకి దగ్గు తెర వచ్చింది. బస్తా కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి దగ్గింది. అతను ఆగాడు. దగ్గు ఆగేదాకా ఆగాడు. అది చాలాసేపు ఆగలేదు. ఆ బస్తా వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"బొగ్గెందుకు?" అన్నాడు. "కుక్కరుందిగా."

"నెల మొదట్లో దాని మీదే వండుతున్నాను అన్నా. చవకవి అయిపోతే ఇంక..." అని ఆగింది. "ఎవరికీ చెప్పకు. వాళ్ళు ఎంతో ప్రేమగా ఇచ్చారు."

కవూయా వచ్చి బస్తా ఎత్తుకున్నాడు. మా వైపు ఆడవాళ్ళ నెత్తి మీది బరువు మగవాళ్ళు ఎత్తుకోవడం రోజూ చూసేది కాదు. భుజాన వేసుకుని, ఆమెకేసి చూడకుండా కొండకేసి చూస్తూ మాట్లాడాడు.

"రోజూ పొద్దున ఆ దగ్గు నాకూ వినపడుతూనే ఉంది. విననట్టే ఉన్నాను. నువ్వు మమ్మల్ని ముంచుతున్నావనుకున్నా నాలోంగో. మోస్తున్నదే నువ్వు. మళ్ళీ మా మీటరులోకి వచ్చెయ్యి. చవకవి నాలుగు రోజుల్లో అయిపోతే అయిపోనీ." కాసేపు నడిచి మళ్ళీ అన్నాడు, "ఇన్నాళ్ళూ వండి పెట్టావు. చల్లగా ఉండు."

ఆమె అక్కడే దారి మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని అతనికి దండం పెట్టింది. అతను కంగారుపడిపోయి, లే లే, ఎవరైనా చూస్తే నేనేదో అప్పు వసూలు చేస్తున్నాననుకుంటారు అన్నాడు.

ఆ బొగ్గు బస్తా ఇంటికి చేరలేదు. మలుపులో మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆవిడకి ఇచ్చేశారు.

హాజీ ఈసారి కూడా ఫోన్లోనే సరేనన్నాడు, ఆ మనిషికి అది తప్ప వేరే మాట రాదేమో. పట్నం నుంచి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నాలోంగో గది తీగని పాత మీటరుకి మార్చే ముందు, మరి ఈ కొత్తదాన్ని ఏం చేయాలి, ఎవరి గదికి ఇవ్వాలి అని అడిగాడు. తిరిగి ఇచ్చేయమని కవూయా, నాకిస్తే హెయిర్ డ్రయ్యరు కొనుక్కుంటానని జడలు అల్లే పిల్ల. నాలోంగో ఆ మీటరు మీద తన పేరున్న సంగతి ఇంకా మర్చిపోలేదు. కాస్త బాధగానే ఉంది. కానీ ఎలక్ట్రీషియన్ ప్రశ్న వినగానే ఆమె కళ్ళు చివరి గది వైపు పోయాయి.

జజ్జా యుదాయాకి ఉన్నది ఒక బల్బు, ఒక చిన్న రేడియో. ఆవిడ కూడా ఇన్నేళ్ళూ అందరితో సమానంగా వంతు కడుతూ వచ్చింది. కట్టలేని నెల ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, బల్బు ఆర్పుకుని చీకట్లో కూర్చునేది. ఎక్కువ కాల్చేవాళ్ళు కలిసి కొంటేనే లాభం. ఒక్క బల్బు మనిషికి విడిగా ఉంటే, మొదటి పదిహేనూ నెలంతా వచ్చినా ఇంకా మిగులుతాయి.

ఆ మాట నాలోంగో చెప్పగానే కవూయా నుదురు కొట్టుకున్నాడు. "ఒళ్ళో కూర్చున్న పిల్లకి ఇన్నేళ్ళూ ఫుల్ టికెట్ కొట్టానన్నమాట," అన్నాడు. అందరూ నవ్వారు, జజ్జా కూడా నవ్వింది గానీ ఆవిడకి సగం అర్థం కాలేదు. సాయంత్రానికి ఆవిడ గదిలో తన సొంత మీటరు మీద బల్బు వెలిగింది. మీటరు మీద పేరు మాత్రం నాలోంగోదే ఉండిపోయింది. దాన్ని మార్పించాలని ఎవరికీ తోచలేదు, జజ్జాకి అది ఇంకా ఇష్టం.

తరవాత నెలలో గదికిచ్చే డబ్బు దిగింది. కవూయా మిగిలిన చిల్లర కూడా లెక్కపెట్టి అందరికీ తిరిగిచ్చాడు, గర్వంగా, తనే కనిపెట్టినట్టు. నాలోంగో రేకుల చాటున కుంపటి తీసేసి, ఆ చోట అరటికాయల గెలలు పేర్చుకుంది. మళ్ళీ నర్సు దగ్గరికి వెళ్ళింది. నిగీనా ఆడవాళ్ళకి నిజం చెప్పేసింది, బాగా తిట్లు తింది, తరవాత అందరికీ వండి పెట్టింది.

దగ్గు ఒక్కసారిగా పోలేదు. చెట్టు మీది కాకి లేచిపోయినట్టు పోతుందనుకుంది గానీ, అది వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరుగుతూ పోయింది. పోయిన రోజు ఏదో ఆమెకీ తెలియదు.

తెలిసింది జజ్జాకి. ఒక ఆదివారం బాగా ఎండెక్కాక ఆవిడ చర్చి బట్టలు కట్టుకుని, కర్ర పట్టుకుని, మొహం గంటుపెట్టుకుని నాలోంగో గడప దగ్గరికి వచ్చింది. నాలోంగో గబగబా చేతులు తుడుచుకుని, పెద్దవాళ్ళకి పెట్టినట్టు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది.

"నీ మీద ఫిర్యాదుందే," అంది జజ్జా. "ఇన్నేళ్ళూ నాకు తెల్లవారేది నీ దగ్గుతోనే. కోళ్ళకంటే ముందు నువ్వే. గోడ అవతల నువ్వు దగ్గితే నేను లేచి, నీకోసం ఒక ప్రార్థన చెప్పుకుని, మొదటి పూజకి నడిచిపోయేదాన్ని. ఇవాళ నువ్వు లేపలేదు. మొదటి పూజ పోయింది."

నాలోంగోకి కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "తప్పయిపోయింది జజ్జా," అంది మెల్లగా.

ఆవిడ కర్ర గోడకి ఆన్చి, వంగి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తప్పు కాదే పిచ్చిదానా. నేను బతికున్నన్నాళ్ళూ నాకు ప్రతి ఆదివారం ఇట్లాగే ఆలస్యం కావాలి. పైవాడితో నేను మాట్లాడుకుంటాలే."

నాలోంగో లేవలేదు. ఆవిడ చేతుల్లో మొహం పెట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండి ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఎంత ఏడ్చినా దగ్గు రాలేదు.